డిగ్రీ తొలి రెండేళ్లలో విదేశంలో ఒక నెల చదువు: విశాఖ విద్యార్థి చేయవలసిన పనులు, వాటి వరుస

ప్రతి ఏడాది ఫిబ్రవరి రాగానే మొదటి, రెండో సంవత్సరం విద్యార్థులు స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మాస్టారూ, ఈ వేసవిలో మూడు నాలుగు వారాలు బయటి దేశంలో చదివి రావాలంటే ఏం చేయాలి?" ఆ వేసవికి అప్పటికే ఆలస్యమైందని చెప్పి, వచ్చే వేసవి కోసం పనుల వరుస ఒక కాగితం మీద రాసివ్వడం నాకు అలవాటైపోయింది. అలా విడివిడిగా రాసిచ్చిన వాటినే ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

ఈ మొత్తం వ్యవహారంలో విదేశీ విశ్వవిద్యాలయం సీటు ఇవ్వడమే అన్నింటికన్నా తేలిక. ఫీజు కట్టగలిగి, కనీస మార్కులున్న విద్యార్థికి చాలా సమ్మర్ స్కూళ్లు సులువుగానే చోటిస్తాయి. చిక్కులన్నీ మన దగ్గరే, అంటే మన కాగితాల మీది పేర్లలో, మన కాలేజీ ఆఫీసులో, నాన్నగారి బ్యాంకు పుస్తకంలో ఉంటాయి. అందువల్ల ఇంటి పనులు ముందు, బయటి పనులు తరువాత అనే వరుసలోనే ఇది రాశాను. రెండు వారాల నుంచి మూడు నెలల లోపు ముగిసే కోర్సుల గురించే ఇక్కడ చెబుతున్నాను. పూర్తి సెమిస్టరు బయట చదివే ఎక్స్‌ఛేంజ్ కార్యక్రమాలు రెండు విద్యాసంస్థల ఒప్పందం మీద నడుస్తాయి కాబట్టి వాటి పద్ధతి వేరు.

ముందుగా దగ్గర ఉంచుకోవలసినవి

పదో తరగతి, ఇంటర్ మార్కుల మెమోలు, ఇప్పటివరకు వచ్చిన సెమిస్టరు మెమోలు, ఆధార్, మీ పాన్ కార్డు, తల్లిదండ్రుల పాన్ కార్డులు, వారి గత మూడేళ్ల ఆదాయపు పన్ను రిటర్నులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఉద్యోగం ఉంటే జీతం స్లిప్పులు, వ్యాపారం ఉంటే జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదా దుకాణం లైసెన్సు, వ్యవసాయం అయితే పట్టాదారు పాసుపుస్తకం. ఇవన్నీ స్కాన్ చేసి ఒకే ఫోల్డరులో పెట్టండి. ఫోనుతో తీసిన ఫోటోల్లో మెమో అంచులు తెగిపోయి హాల్ టికెట్ నంబరు కనిపించకుండా పోతుంది. కాబట్టి స్కానరు మీదే తీయించండి.

1. పేర్లు సరిచూసి, పాస్‌పోర్టు తీసుకోండి

ఈ అడుగులో ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే తెలుగువారి పేర్లకు ఉన్నన్ని రూపాలు ఇంకెవరి పేర్లకూ లేవేమో అనిపిస్తుంది. మెమోలో ఇంటి పేరు ముందు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక పొడి అక్షరంగా చివరకు చేరుతుంది, పాన్ కార్డులో మళ్లీ పూర్తి రూపంలో చివర కనిపిస్తుంది. వరుస మారితే పెద్ద నష్టం లేదు. పొడి అక్షరం, పూర్తి ఇంటి పేరు రెండూ వేర్వేరు కాగితాల మీద ఉంటేనే ఇబ్బంది.

ఒక తెల్లకాగితం మీద గీతలు గీసి, ఎడమవైపు పత్రం పేరు, కుడివైపు అందులో ఉన్న మీ పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ ఇంగ్లిషు అక్షరాల్లో ఉన్నది ఉన్నట్టు రాయండి. మొన్నీమధ్య ఒక అబ్బాయి నా ఎదుట కూర్చుని అలా రాస్తే, తండ్రి శ్రీనివాసరావు గారి పేరు మూడు పత్రాల్లో మూడు విధాలుగా తేలింది: మెమోలో 'ఎస్, ఆర్' తరువాత 'ఐ', ఆధార్‌లో 'ఎస్, ఆర్' తరువాత రెండు 'ఈ'లు, బ్యాంకు ఖాతాలో 'రావు' ఊడిపోయి ఉత్త శ్రీనివాస. ఖర్చు భరించేది ఆయనే కాబట్టి, బ్యాంకు స్టేట్‌మెంటులోని వ్యక్తి, పాస్‌పోర్టులో తండ్రిగా ఉన్న వ్యక్తి ఒకరే అని వీసా అధికారికి కాగితం మీదే తెలియాలి. లక్ష్మి, సత్యనారాయణ, వెంకటేశ్వరరావు వంటి పేర్లున్న ఇళ్లలో ఈ పరీక్ష తప్పక చేయండి.

తేడా ఉంటే సాధారణంగా పదో తరగతి మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్, పాన్, బ్యాంకు ఖాతాలను దానికి అనుగుణంగా మార్చుకోవడం తేలిక. మెమోలోనే తప్పుంటే దాన్ని దిద్దించడానికి చాలా నెలలు పడుతుంది. అప్పుడు ఈ ఏడాది ప్రయాణం ఆశ వదులుకుని ముందు ఆ పని పూర్తి చేయండి.

పాస్‌పోర్టు దరఖాస్తు ఫారంలో 'ఇచ్చిన పేరు', 'ఇంటి పేరు' అని రెండు గడులుంటాయి. మొత్తం పేరును మొదటి గడిలోనే నింపి రెండోది ఖాళీగా వదిలేయడం మన పిల్లలు ఎక్కువగా చేసే తప్పు. ఇంటి పేరు లేని పాస్‌పోర్టుతో అమెరికా వీసా వస్తే, దాని మీద అసలు పేరు స్థానంలో 'మొదటి పేరు తెలియదు' అని అర్థం వచ్చే మూడక్షరాల సంకేతం పడుతుంది, మీ పేరంతా ఇంటి పేరు గడిలోకి పోతుంది. ఆ తరువాత విమానం టికెట్టు నుంచి కోర్సు సర్టిఫికెట్ వరకు అదే గందరగోళం వెంట వస్తుంది. ఇంటి పేరును పొడి అక్షరంగా కాక పూర్తిగా విడదీసి రాయండి.

విశాఖలో పాస్‌పోర్ట్ సేవా కేంద్రం మర్రిపాలెంలో ఉంది. పెద్దలకు 36 పేజీల పాస్‌పోర్టు రుసుము 1,500 రూపాయలు, తత్కాల్ అయితే మరో 2,000. 18 ఏళ్లు నిండని వారికి మామూలుగా 5 ఏళ్లకు లేదా 18 నిండేవరకు మాత్రమే పాస్‌పోర్టు ఇస్తారు. 15 ఏళ్లు దాటినవారు పెద్దల రుసుము కట్టి 10 ఏళ్లకు తీసుకోవచ్చు. డిగ్రీ మొదటి సంవత్సరంలో చాలామందికి ఇంకా 17 ఏళ్లే ఉంటాయి కాబట్టి ఈ విషయం గుర్తుంచుకోండి. పదో తరగతి సర్టిఫికెట్ తప్పక జతచేయండి, లేకపోతే కార్మికుల వలసకు సంబంధించిన ఈసీఆర్ ముద్ర పడుతుంది.

హెచ్చరిక: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చి ఎంవీపీ కాలనీ హాస్టళ్లలో ఉంటున్నవారు ఏ చిరునామా ఇస్తే పోలీసు విచారణ అక్కడికే వెళ్తుంది. సొంత ఊరి చిరునామా ఇచ్చి, కానిస్టేబుల్ వచ్చిన రోజున విశాఖలో ఉంటే ఫైలు అక్కడే ఆగిపోతుంది. ఫోను మోగినప్పుడు మరుసటి రోజే ఊరు వెళ్లగలిగే సమయం చూసి దరఖాస్తు చేయండి.

సరిచూడడం ఎలా: చేతికొచ్చిన పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లను మీరు రాసుకున్న పట్టికతో అక్షరం అక్షరం పోల్చండి. తప్పు కనిపిస్తే వీసా దరఖాస్తుకు ముందే దిద్దించుకోండి.

2. తేదీలు కలుస్తాయో లేదో చూడండి

ఐరోపాలోనూ అమెరికాలోనూ వేసవి కోర్సులు ఎక్కువగా జూన్ చివరి నుంచి ఆగస్టు వరకు నడుస్తాయి. మన వేసవి సెలవులు అప్పటికి అయిపోయి ఉంటాయి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ వేసవి పాఠశాల జూన్ నుంచి ఆగస్టు వరకు మూడు విడతలుగా, ఒక్కో విడత మూడు వారాలుగా ఉంటుంది; అందులో మన కాలేజీ తెరవడానికి దగ్గరగా ఉండేది మొదటి విడత ఒక్కటే. రెండు, మూడు విడతలకు వెళ్తే మూడో సెమిస్టరు లేదా ఐదో సెమిస్టరు మొదటి వారాలు పోతాయి, 75 శాతం హాజరు లెక్కలో ఆ లోటు చివరికి తేలుతుంది.

ఆంధ్రప్రదేశ్ డిగ్రీ విద్యార్థులకు ఇంకో చిక్కు ఉంది. మొదటి ఏడాది తరువాతి వేసవిలో సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తరువాతి వేసవిలో స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్ చేయవలసి ఉంటుంది, వాటికి క్రెడిట్లున్నాయి. "తిరిగి వచ్చాక చేసేస్తాను" అనుకుని వెళ్లిన విద్యార్థి, తన గ్రామ సర్వే పుస్తకం ఖాళీగా పట్టుకుని మెంటార్ ముందు నిలబడవలసి వస్తుంది. ప్రయాణానికి ముందే ఏప్రిల్, మే నెలల్లో దాన్ని పూర్తిచేసేలా మీ మెంటార్‌తో తేదీలు రాయించుకోండి.

గోడ క్యాలెండరు ఒకటి తీసుకుని పరీక్షలు, ప్రాజెక్టు, కాలేజీ తెరిచే రోజు, కోర్సు మొదలు, కోర్సు ముగింపు, రానుపోను ప్రయాణం రోజులు వేర్వేరు రంగుల్లో గీయండి. పది రోజులకు మించి ఒకదానిపై ఒకటి పడితే వేరే కోర్సు చూడడం మంచిదని నా అభిప్రాయం.

3. కోర్సు ఎంచుకోండి, అది ఎవరిదో కనుక్కోండి

ద్వారకానగర్‌లో ఒక్క మేడలోనే మూడు కన్సల్టెన్సీ బోర్డులు కనిపిస్తాయి. అన్నీ మోసమని అనడం లేదు గాని, పెద్ద విశ్వవిద్యాలయం పేరు, భవనం ఫోటో కరపత్రం మీద వేసి, నిజానికి ఆ ప్రాంగణంలో గదులు అద్దెకు తీసుకుని ఎవరో ప్రైవేటు సంస్థ నడిపే కార్యక్రమాలు కొన్ని ఉంటాయి. వాటివల్ల ఊరు చూసి రావచ్చు, క్రెడిట్లు మాత్రం రావు. ఈ నాలుగు ప్రశ్నలకు లిఖితపూర్వకంగా జవాబు వచ్చేవరకు అడ్వాన్సు కట్టకండి.

మొదటిది, ఈ కోర్సు విశ్వవిద్యాలయం సొంత వెబ్‌సైటులో ఇదే పేరుతో, ఇవే తేదీలతో ఉందా? రెండోది, పూర్తయ్యాక మార్కుల ట్రాన్స్‌క్రిప్ట్ ఎవరు జారీచేస్తారు? ఉత్త 'పాల్గొన్న పత్రం' అయితే దానికి క్రెడిట్ లేదని అర్థం. మూడోది, ఎన్ని తరగతి గంటలు, ఎన్ని క్రెడిట్లు? నాలుగోది, వీసా రాకపోతే ఫీజులో ఎంత వెనక్కిస్తారు, ఏ తేదీలోపు అడగాలి?

మూడో ప్రశ్నకు ఒక చిన్న లెక్క తెలిసి ఉండాలి. ఐరోపాలో ఒక విద్యా సంవత్సరానికి 60 ఈసీటీఎస్ (ఐరోపా దేశాల ఉమ్మడి క్రెడిట్ లెక్క) క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్ అంటే విద్యార్థి చేసే మొత్తం పని 25 నుంచి 30 గంటలు. మన దగ్గర థియరీ పాఠానికి ఒక క్రెడిట్ అంటే ఒక సెమిస్టరులో దాదాపు 15 తరగతి గంటలు. రెండు లెక్కలూ ఒకటి కావు కాబట్టి "అక్కడ 6 క్రెడిట్లు, ఇక్కడా 6 ఇవ్వండి" అని అడిగితే పరీక్షల విభాగం ఒప్పుకోదు. తరగతి గంటలు విడిగా, సొంత చదువు గంటలు విడిగా చూపించే సిలబస్ తెప్పించుకోండి.

ఉపకారవేతనం కోసం చూసేవారు అర్హత గడిని ముందుగా చదవండి. జర్మనీకి చెందిన విద్యా వినిమయ సంస్థ డాడ్ (DAAD) అక్కడి విశ్వవిద్యాలయాల వేసవి కోర్సులకు ఇచ్చే సాయానికి, కోర్సు మొదలయ్యేనాటికి డిగ్రీలో రెండేళ్లు పూర్తయి ఉండాలి, జర్మన్ భాష కొంత వచ్చి ఉండాలి. కాబట్టి మొదటి సంవత్సరంలో ఉన్నవారు ఇప్పుడు భాష మొదలుపెట్టి, రెండో సంవత్సరంలో దరఖాస్తు చేయడం తెలివైన పని. రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకాలు పూర్తి డిగ్రీ చదివేవారి కోసం ఏర్పడ్డవి, నెల రోజుల కోర్సుకు వాటిని లెక్కలో వేసుకోకండి. అమెరికా చదువుల సమాచారం కావాలంటే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 2021లో ప్రారంభమైన అమెరికన్ కార్నర్‌లో అడిగి చూడండి. కన్సల్టెన్సీకి వెళ్లే ముందు అక్కడికి వెళ్లడం మంచిది.

4. కాలేజీ నుంచి రెండు పత్రాలు తీసుకోండి

ఈ రెంటినీ కలిపి ఒకే కాగితంగా చేయమని ఆఫీసు గుమాస్తా అంటారు, ఒప్పుకోకండి. ఒకటి వీసా కోసం, రెండోది క్రెడిట్ కోసం.

వీసా కోసం ఇచ్చే లేఖలో ఫలానా విద్యార్థి ఇక్కడ ఫలానా సంవత్సరం చదువుతున్నాడని, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు కోర్సుకు వెళ్లడానికి కాలేజీకి అభ్యంతరం లేదని, ఫలానా తేదీన తిరిగి తరగతులకు హాజరు కావలసి ఉందని మూడు వాక్యాలు స్పష్టంగా ఉండాలి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదట్లో ఒక అమ్మాయికి ఆఫీసులో ఉన్న పాత నమూనా మీదే బోనఫైడ్ రాయించి, సంతకం పెట్టించి ఇచ్చేశాను. అందులో 'విదేశాలలో ఉన్నత చదువుల నిమిత్తం జారీచేయడమైనది' అని అచ్చై ఉంది. మూడు వారాల కోర్సుకు వెళ్లే పిల్ల చదువు మానేసి శాశ్వతంగా వెళ్తోందన్నట్టు ఆ వాక్యం చదివినవారికి అర్థమైంది. వీసా కౌంటరులో ఆ అమ్మాయిని అరగంట ప్రశ్నించి, కొత్త లేఖ తెమ్మని పంపారు. హైదరాబాద్ నుంచి ఉత్త చేతులతో తిరిగి వచ్చి నా ముందు ఆ కాగితం పెట్టినప్పుడు, ఆ వాక్యం కింద ఎర్ర సిరాతో గీసిన గీత ఉంది. అప్పటి నుంచి ప్రతి లేఖనూ చివరి వాక్యం నుంచి చదవడం మొదలుపెడతాను.

క్రెడిట్ కోసం దరఖాస్తును విభాగాధిపతి ద్వారా పంపండి. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీ అయితే పరీక్షల నియంత్రణాధికారి నిర్ణయించగలరు. అనుబంధ కాలేజీలో ప్రిన్సిపాల్ నోటిమాటగా "చూద్దాంలే" అన్నా అది చెల్లదు, విశ్వవిద్యాలయం నుంచి లిఖితపూర్వక ఉత్తర్వు రావాలి. సిలబస్, గంటల లెక్క, ఇక్కడి ఏ పేపరుకు బదులుగా దీన్ని లెక్కించమంటున్నారో ఒకే పేజీలో పట్టికగా జతచేయండి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే జాతీయ ఆన్‌లైన్ ఖాతా) మీకు ఖాతా ఉంది కాబట్టి విదేశీ క్రెడిట్లు దానంతట అవే అందులోకి వచ్చిపడతాయని అనుకోకండి. మీ విశ్వవిద్యాలయం ఆమోదించి ఎక్కించాలి. 2022లో యూజీసీ తెచ్చిన ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ నిబంధనలను చూపించి కొందరు ఏజెంట్లు "క్రెడిట్ గ్యారంటీ" అంటారు. అవి విద్యాసంస్థల మధ్య ఒప్పందంతో నడిచే కోర్సులకు సంబంధించినవి, మీరు సొంతంగా చేరే వేసవి కోర్సుకు వర్తించవు.

ప్రత్యామ్నాయం: క్రెడిట్‌కు కాలేజీ ఒప్పుకోకపోయినా కోర్సు మీకు నిజంగా పనికొస్తుందనుకుంటే వెళ్లండి. అప్పుడు హాజరు మినహాయింపు లేఖ ఒక్కటి మాత్రం వదలకుండా తీసుకోండి.

5. డబ్బు లెక్క వేసి, బ్యాంకు ఖాతాను ముందుగా సిద్ధం చేయండి

ఖర్చు పట్టికలో ఫీజు, బస, తిండి, విమానం, వీసా, బీమా, అక్కడి బస్సు రైలు ఛార్జీలు ఎవరైనా వేస్తారు. మరిచిపోయేవి వేరే ఉన్నాయి: హైదరాబాద్‌కు ఒకటి రెండుసార్లు రానుపోను ఖర్చు, ఫీజు పంపేటప్పుడు బ్యాంకు తీసుకునే మారకం తేడా, బస గదికి తిరిగి ఇచ్చే డిపాజిట్, శనివారం ఆదివారం మెస్ మూసి ఉంటే బయట తిండి. మొత్తానికి పదో వంతు అదనంగా పట్టుకోండి.

వీసా అధికారి స్టేట్‌మెంటులో ముందుగా చూసేది నిల్వ ఎంత ఉందని కాదు, ఎలా చేరిందని. ఆరు నెలలు పదిహేను ఇరవై వేల మధ్య నడిచిన ఖాతాలో, స్టేట్‌మెంటు తీయడానికి పది రోజుల ముందు ఒక్కసారిగా 4 లక్షలు పడితే అది అప్పు తెచ్చిన సొమ్మని అనుమానిస్తారు. మన ఇళ్లలో ఆ డబ్బు నిజంగానే చీటీ పాడగా వచ్చి ఉండవచ్చు, బంగారం కుదువపెట్టి తెచ్చినదై ఉండవచ్చు, పొలం అమ్మిన సొమ్ము కావచ్చు. దాచవలసిన పనిలేదు. చీటీ కంపెనీ రసీదు, బంగారు రుణం పత్రం, రిజిస్ట్రేషన్ నకలు ఏది ఉంటే అది జతచేసి, ఒక చిన్న వివరణ లేఖ పెట్టండి. ఊళ్లో నమ్మకం మీద నడిచే చీటీ అయితే రసీదు దొరకదు కాబట్టి, ఆ సొమ్మును ఆరు నెలల ముందే ఖాతాలో వేయడం ఒక్కటే మార్గం. బంధువుల దగ్గర వారం రోజులకు తెచ్చి చూపించి తిరిగి ఇచ్చేయమని సలహా ఇచ్చేవారి మాట వినకండి.

ఫీజును బ్యాంకు ద్వారా పంపండి. రిజర్వ్ బ్యాంకు సరళీకృత విధానం కింద ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 అమెరికన్ డాలర్ల వరకు పంపవచ్చు, పాన్ తప్పనిసరి. విదేశాలకు డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో నింపే ఏ2 ఫారంలో ప్రయోజనం దగ్గర 'విద్య' అని ఉందో లేదో మీరే చూడండి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి 10 లక్షల రూపాయల లోపు పంపే విద్యా ఖర్చుపై టీసీఎస్ (డబ్బు తీసుకునేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) లేదు. కాని ఏజెంటు మీ కోర్సును 'విదేశీ టూర్ ప్యాకేజీ'గా బిల్లు వేస్తే మొదటి రూపాయి నుంచే టీసీఎస్ పడుతుంది. బిల్లు చేతికి తీసుకోగానే ఆ మాట కోసం వెతకండి. పట్టుకున్న టీసీఎస్, ఎవరి పాన్ మీద పంపితే వారి పన్ను రిటర్నులో సర్దుబాటవుతుంది.

6. వీసా: దేశాన్ని బట్టి, కోర్సును బట్టి

దరఖాస్తు కేంద్రానికి వెళ్లే ముందు, మీ కోర్సుకు ఏ రకం వీసా కావాలో విశ్వవిద్యాలయం నుంచే ఈమెయిల్‌లో రాయించుకోండి. పొరుగింటి అబ్బాయి ఏ వీసా మీద వెళ్లాడన్నది మీకు అనవసరం.

నెదర్లాండ్స్, జర్మనీ, ఫ్రాన్స్ వంటి షెంగెన్ దేశాలకు (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాలు) 180 రోజుల్లో 90 రోజులకు మించని స్వల్పకాలిక వీసా సరిపోతుంది. 2024 జూన్ నుంచి పెద్దలకు రుసుము 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల కన్నా ఆలస్యం చేయకూడదు. బీమా కనీసం 30,000 యూరోలకు ఉండాలి. పాస్‌పోర్టు, మీరు తిరిగి వచ్చే తేదీ తరువాత మరో మూడు నెలలు చెల్లాలి. కోర్సు ఏ దేశంలో ఉంటే ఆ దేశం దగ్గరే దరఖాస్తు చేయండి. అపాయింట్‌మెంటు తొందరగా దొరుకుతుందని వేరే దేశం ద్వారా వెళ్లమనే సలహా వీసా తిరస్కరణకు దారితీస్తుంది.

బ్రిటన్‌కు స్టాండర్డ్ విజిటర్ వీసా మీద గుర్తింపు పొందిన సంస్థలో ఆరు నెలల వరకు చదవవచ్చు. ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి దరఖాస్తు తీసుకుంటారు. కెనడాలో ఆరు నెలలు మించని కోర్సుకు స్టడీ పర్మిట్ అక్కరలేదు, సందర్శక వీసా చాలు. ఆస్ట్రేలియాలో సందర్శక వీసా మీద మూడు నెలల వరకు చదవనిస్తారు.

అమెరికా సంగతి వేరు. క్రెడిట్ వచ్చే కోర్సు ఆరు వారాలదైనా సరే పర్యాటక వీసా మీద చదవకూడదు. విశ్వవిద్యాలయం వీసా కోసం ఐ-20 అనే పత్రం పంపితే ఎఫ్-1 విద్యార్థి వీసా, డీఎస్-2019 అనే పత్రం పంపితే జే-1 ఎక్స్‌ఛేంజ్ వీసా. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం, 185 డాలర్ల వీసా రుసుము, వాటికి తోడు సెవిస్ అనే విదేశీ విద్యార్థుల నమోదు వ్యవస్థ రుసుము (ఎఫ్-1కు 350, జే-1కు 220 డాలర్లు) ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ వారికి కాన్సులేట్ హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఉంది. వేలిముద్రలకు ఒక రోజు, ఇంటర్వ్యూకు మరో రోజు అపాయింట్‌మెంటు ఉంటుంది. రెండూ వరుస రోజుల్లో దొరికేలా చూసుకోండి. సాయంత్రం విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి హైదరాబాద్ చేరతారు గాని, రైలు ఆలస్యమైతే ఆ రోజు అపాయింట్‌మెంటు పోతుంది. ఒక రోజు ముందే చేరి ఎవరైనా బంధువుల ఇంట్లో ఉండండి.

ఇంటర్వ్యూలో "ఏం చదవబోతున్నావు, తిరిగి వచ్చి ఏం చేస్తావు" అన్నవి ఎప్పుడూ ఉండే ప్రశ్నలే. కోచింగ్ సెంటరులో రాసిచ్చిన జవాబు బట్టీపట్టిన పిల్లలు మొదటి వాక్యంలోనే దొరికిపోతారు. మీ కోర్సులో రెండో వారం ఏ పాఠం ఉందో మీ మాటల్లో చెప్పగలిగితే చాలు.

18 ఏళ్లు నిండనివారికి తల్లి, తండ్రి ఇద్దరి సమ్మతి పత్రం నోటరీ చేయించండి. తండ్రి గల్ఫ్‌లోనో ఓడ మీదో పనిచేస్తుంటే (విశాఖలో ఇది అరుదేమీ కాదు) ఆయన సంతకం అక్కడి భారత రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి రావడానికి పట్టే సమయం ముందుగా లెక్కవేసుకోండి.

సరిచూడడం ఎలా: వీసా అతికించిన పాస్‌పోర్టు రాగానే పేరు, పాస్‌పోర్టు నంబరు, మొదటి తేదీ, చివరి తేదీ, ఎన్నిసార్లు ప్రవేశం, ఎన్ని రోజుల బస అన్నవి చూడండి. చివరి తేదీ, బస రోజుల సంఖ్య రెండూ ఒకటి కావు. తేదీ మిగిలి ఉన్నా రోజులు అయిపోతే బయటికి వచ్చేయాలి. వీసా చేతికి రాకముందే డబ్బు తిరిగి రాని విమానం టికెట్టు కొనకండి.

7. బయలుదేరే వారం

విశాఖ నుంచి నేరుగా వెళ్లగలిగే విదేశీ నగరాలు కొద్ది. చాలామంది హైదరాబాద్, ఢిల్లీ లేదా సింగపూర్‌లో మారవలసిందే. రెండు విమానాలు వేర్వేరు టికెట్ల మీద ఉంటే మధ్యలో సామాను మీరే తీసుకుని మళ్లీ ఇవ్వాలి కాబట్టి కనీసం ఐదు గంటల తేడా ఉంచండి.

ఫారెక్స్ కార్డును (విదేశీ కరెన్సీ ముందే నింపుకునే కార్డు) ఇక్కడే ఒకసారి వాడి, పిన్ పనిచేస్తోందని నిర్ధారించుకోండి. మామూలు డెబిట్ కార్డు విదేశాల్లో పనిచేయాలంటే బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వినియోగాన్ని మీరే తెరవాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది, మీ భారతీయ సిమ్‌కు అంతర్జాతీయ రోమింగ్ పెట్టించండి. అక్కడ కొత్త సిమ్ వేసుకుని పాతది ఇంట్లో వదిలి వెళ్లిన అబ్బాయికి ఓటీపీలన్నీ మధురవాడలో వాళ్ల నాయనమ్మ ఫోనుకు వచ్చేవి. ఆవిడ కళ్లద్దాలు పెట్టుకుని అంకెలు చదివేలోపు గడువు ముగిసేది.

ఆవకాయ సీసా చేతిసంచిలో పెట్టుకోకండి, భద్రతా తనిఖీలో ఆపేస్తారు. చెక్-ఇన్ సామానులో రెండు కవర్లు చుట్టి పెట్టండి. నెయ్యి, పాల పదార్థాలు ఐరోపా సంఘం దేశాల్లోకి ప్రయాణికులు తీసుకెళ్లకూడదు. అమ్మ సర్దిన పెట్టెను ఒకసారి మీ చేత్తో విప్పి చూసుకోండి, ఎక్కడో ఒక మూల నేతి డబ్బా ఉండనే ఉంటుంది.

అడ్మిషన్ లేఖ, బస చిరునామా, బీమా పత్రం, తిరుగు టికెట్టు, కాలేజీ లేఖ కాగితం రూపంలో చేతిసంచిలో ఉంచండి. ప్రవేశద్వారం దగ్గర అధికారి అడిగినప్పుడు ఫోనులో చార్జింగ్ లేదని చెప్పే పరిస్థితి తెచ్చుకోకండి.

8. తిరిగి వచ్చాక

కోర్సు ముగిసే ముందే అక్కడి ఆఫీసులో, ట్రాన్స్‌క్రిప్ట్‌ను నేరుగా మీ పరీక్షల నియంత్రణాధికారికి సీలు కవరులో గాని, అధికారిక ఈమెయిల్ ద్వారా గాని పంపమని ఫారం నింపి రండి. మీ చేతికి ఇచ్చిన నకలును చాలా విశ్వవిద్యాలయాలు అంగీకరించవు. ఫారంలో మీ పేరు ఇక్కడి మెమోలో ఉన్నట్టే ఉందో లేదో మళ్లీ చూడండి.

బోర్డింగ్ పాసులు, హాజరు పత్రం, వీసా పేజీ నకలు జతచేసి కాలేజీలో హాజరు మినహాయింపు కోసం మొదటి వారంలోనే ఇచ్చేయండి. మిగిలిన విదేశీ కరెన్సీని 180 రోజుల్లోపు బ్యాంకులో మార్చేయాలి. 2,000 డాలర్ల వరకు దగ్గర ఉంచుకోవచ్చు.

సెమిస్టరు మెమో వచ్చినప్పుడు ఆ కోర్సు పేరు, క్రెడిట్లు అందులో ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకపోతే మీరు తీసుకున్న ఉత్తర్వు నకలు పట్టుకుని ఆ సెమిస్టరులోనే పరీక్షల విభాగానికి వెళ్లండి. మూడో సంవత్సరం చివర, ప్రొవిజినల్ సర్టిఫికెట్ కోసం అందరూ వరుసకట్టిన రోజున అడిగితే, ఆ ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పగలిగిన గుమాస్తా అప్పటికి బదిలీ అయి ఉంటారు.